మూడో నంబరు ఆధారం

మార్చి 3, సోమవారం

కొట్టు తెరిచి గంట కాలేదు, అక్క వచ్చింది. భుజాన సంచీ, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన ఆకుపచ్చ బట్ట చుట్ట. ఏదో క్లబ్బులో, కర్రతో బంతుల్ని గుంటల్లోకి కొట్టే పూల్ ఆట టేబుల్‌కి పాత బట్ట పీకేసి కొత్తది బిగించే పని మీద పోతోంది. ఒకప్పుడు ఆ టేబుళ్ల మీద ఆడుతూ దేశమంతా తిరిగిన మనిషి ఇప్పుడు వాటికి బట్టలు తొడుగుతోంది. నేను మనుషుల బట్టలకి గుండీలు, జిప్పులు అమ్ముతాను. ఇద్దరిదీ బట్టల వ్యాపారమేరా అని తనే నవ్వుతూ ఉంటుంది.

ఇవాళ నవ్వలేదు. గుండీల డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీస్తోంది, పెడుతోంది.

"ఏ సైజు కావాలమ్మా?" అన్నాను.

"నోర్ముయ్‌రా గుండీ. ఆ ఉద్యోగం వచ్చేలా లేదు."

ఆడపిల్లలకి పూల్ నేర్పడానికి కొత్తగా శిక్షణ కేంద్రం పెడుతున్నారు. దానికి కోచ్ కావాలి. రెండుసార్లు పిలిచి మాట్లాడారు, ఆడించి చూశారు, ఇక కాగితం ఇవ్వడమే తరువాయి అనుకున్నాం. ఇప్పుడు అక్కడి సెక్రటరీ మేడమ్ ఫోన్ చేసి, "నెట్‌లో మీ పేజీలో ఇలా ఉందేంటండీ? పిల్లల అమ్మానాన్నలు చూస్తారు కదా" అందట. 28న కమిటీ కూర్చుంటుందట.

అక్క వెళ్లాక ఆ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం తెరిచాను. అక్క గురించి మూడంటే మూడు వాక్యాలు. వృత్తిపరమైన పూల్ క్రీడాకారిణి. నాలుగు జాతీయ టైటిళ్లు. మూడోది: "ఇరవై రెండేళ్ల కిందటి జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో అనర్హురాలిగా ప్రకటితమైంది." దాని చివర బుల్లి 3 అంకె.

అనర్హురాలట! ఏదో దొంగాట ఆడి దొరికిపోయినట్టు! ఆ రోజు ఏం జరిగిందో మా బజారంతా కళ్లకు కట్టినట్టు చెబుతుంది, ఎందుకంటే నేనే చెప్పాను కాబట్టి. ఎనిమిది–ఎనిమిది. ముందు తొమ్మిది ఆటలు గెలిచినవాళ్లది కప్పు. చిట్టచివరి ఆటలో ఆ చత్వారం రెఫరీ లేని ఫౌల్ ఇచ్చి మా అక్క నోటి దగ్గర ముద్ద లాగేశాడు. ఇదీ జరిగింది.

పేజీ పైన "ఎవరైనా దిద్దవచ్చు" అని ఉంది. నేను ఎవరో ఒకణ్ని కాదా ఏంటి?

మార్చి 4

తీసేశాను. రెండు నిమిషాల పని. ఈ మాత్రానికి అక్క మొహం అంత మాడ్చుకుంది.

మార్చి 4, సాయంత్రం

మళ్లీ వచ్చింది.

మార్చి 6

మూడుసార్లు తీశాను, మూడుసార్లూ తిరిగొచ్చింది. తిరిగి పెడుతున్నది గుడ్లగూబ అనే పేరుతో రాసే మనిషి. ఆడో మగో తెలీదు, ఎక్కడుంటారో తెలీదు. "ఆధారం ఉన్న వాక్యాన్ని కారణం చెప్పకుండా తొలగించవద్దు" అని నాకు ఒక ముక్క రాసి పడేశారు.

సరే, తీయనివ్వకపోతే కలుపుతాం. మధ్యాహ్నం బేరాల్లేని టైములో నాలుగు పేరాలు దంచాను. అక్క చెయ్యి ఎలాంటిది, కన్ను ఎలాంటిది, బంతి తన మాట ఎలా వింటుంది, మనసు ఎంత వెన్న. చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. పదకొండు నిమిషాల్లో మొత్తం ఊడ్చేశారు. నేను కుట్టిన జిప్పు కూడా అంత తొందరగా విప్పలేను.

కారణం: "పొగడ్త. ఆధారాలు లేవు. మీకు ఈమెతో బంధుత్వం ఏమైనా ఉందా?"

జవాబు ఇవ్వలేదు. మర్యాదస్తులు అడిగే ప్రశ్నేనా అది?

మార్చి 8

ఇవాళ మంచి ఆలోచన వచ్చింది.

కొట్టు పెట్టిన కొత్తలో ఈగలు తోలుకునేవాణ్ని. ఖాళీ కొట్లోకి జనం రారు. అప్పుడు పక్కనున్న దర్జీని బతిమాలి బల్ల ముందు నిలబెట్టేవాణ్ని. ఆయన లేసు చేత్తో పట్టుకుని వీధిలోకి వినబడేలా "సరుకు నిఖార్సు!" అనేవాడు. ఐదు నిమిషాల్లో ఇద్దరు ఆడవాళ్లు లోపలికొచ్చేవారు. అందులో మోసమేముంది? సరుకు నిజంగానే మంచిది. మొదటి మనిషి నిలబడాలి, అంతే.

కాబట్టి ఆ వ్యాసం మీద వాదించుకునే చర్చ పేజీలోకి ఇంకో మనిషిని దింపాను. పేరు "నిష్పక్షపాత పాఠకుడు". "ఈమె గురించి పైన రాసినాయన చెప్పింది అక్షరాలా నిజం!!! నేను ఈమెకి ఏమీ కాను" అని రాయించాను. రాయించడమేంటి, రాశాను.

రేపు ఇంకొకళ్లని దింపాలి. ఆడమనిషైతే బాగుంటుంది.

మార్చి 10, సోమవారం

దొరికిపోయాను.

గుడ్లగూబ రాసింది ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను: "మీరిద్దరూ మూడేసి ఆశ్చర్యార్థకాలు పెడతారు. ఇద్దరూ క్రీడాకారిణిని 'సరుకు' అంటారు. ఇద్దరూ ఒంటిగంటకి ఆగి రెండున్నరకి వస్తారు. భోజనం కూడా కలిసే చేస్తున్నట్టున్నారు."

నిష్పక్షపాత పాఠకుణ్ని శాశ్వతంగా మూసేశారు. నన్ను వారం పాటు వ్యాసాల్లో వేలు పెట్టకూడదన్నారు. నా సొంత చర్చ పేజీలో మాత్రం మాట్లాడుకోవచ్చట.

ఇంటికెళ్లి మా ఆవిడకి చెబితే, వినీ వినగానే చీపురు పక్కన పెట్టి మరీ నవ్వింది.

"భోజనం టైము చూసి పట్టుకున్నారా? నయం, నేను వంట ఆలస్యం చేసుంటే తప్పించుకునేవారేమో."

"నవ్వు, నవ్వు. అక్క ఉద్యోగం పోయేలా ఉంది ఇక్కడ."

"వదిన ఉద్యోగం ఒక వాక్యం వల్ల పోతుంటే, మీరు దొంగ సంతకం కూడా తోడు చేశారు. ఆ కమిటీవాళ్లు ఇది కూడా చదువుతారు కదండీ?"

చదువుతారు. చర్చ పేజీ అందరికీ కనిపిస్తుంది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

మార్చి 11

పొద్దున్నే కూర్చుని రాశాను. పొగడ్తలు లేకుండా, ఆశ్చర్యార్థకాలు లేకుండా. "ఆ ఇద్దరూ నేనే. ఈమె మా సొంత అక్క. నేను గుండీల వ్యాపారిని. మా అక్కకి ఇందులో ఏ పాపమూ తెలీదు. ఆ మూడో వాక్యం తప్పు. దాని వల్ల ఆమె బతుకుతెరువు పోతోంది. సరిచేయడానికి ఏం చేయాలో మీరే చెప్పండి, చేస్తాను."

పంపాక చాలాసేపు ఒక డజను చొక్కా గుండీలు లెక్కపెట్టలేకపోయాను. మూడుసార్లు పదమూడు వచ్చాయి.

మార్చి 13

గుడ్లగూబ మంచిగానే జవాబిచ్చింది. (ఆడమనిషేనని నా నమ్మకం. ఆ వెటకారం మా అక్కకి ఉన్నట్టే ఉంది.) "చెప్పినందుకు థాంక్స్. బంధువులు వ్యాసాన్ని నేరుగా దిద్దకుండా, చర్చ పేజీలో ఆధారం చూపించి అడగవచ్చు. మీరు చెప్పేది నిజమే కావచ్చు, కానీ నాకు కావలసింది అచ్చులో ఉన్నది. ముందు ఒక్క మాట: ఆ వాక్యం చివర ఉన్న మూడో నంబరు ఆధారం తెరిచి చూశారా?"

చూడలేదు. పది రోజులుగా ఆ వాక్యంతో కుస్తీ పడుతున్నాను గానీ ఆ బుల్లి అంకెని ఒక్కసారి కూడా నొక్కలేదు.

నొక్కాను.

కొట్టు మూసేసి ఇంటికొచ్చేశాను.

మార్చి 14

అది ఆరేళ్ల కిందటి ఒక చిన్న పేపరు. మా బజారు గురించి ఒక పేజీ వేశారు. ఫొటోలో నేనే. గుండీల అట్టలు రెండు చేతుల్లో పట్టుకుని, పళ్లికిలించి. కింద: "తన సోదరిని ఫైనల్లో రెఫరీ అన్యాయంగా అనర్హురాలిగా ప్రకటించి పంపించేశాడని ఈ వ్యాపారి ఇప్పటికీ బాధపడతారు."

నేనే అన్నాను. ఆ మాట నాదే. విలేకరి టీ తాగుతూ ఏమైనా విశేషాలుంటే చెప్పమన్నాడు. ఫౌల్ ఇచ్చాడు అంటే చప్పగా ఉంటుందని, అనర్హురాలని గెంటేశాడని అన్నాను. చేత్తో గెంటి చూపించాను కూడా. ఆ పేపరు చూసి ఎవరో పుణ్యాత్ములు విజ్ఞాన సర్వస్వంలో ఎక్కించారు, "అన్యాయంగా" అన్న ఒక్క మాట వదిలేసి.

ఇంకోటి కూడా ఇక్కడే రాసేస్తాను, ఎవరూ చూడరు కదా. ఆ ఫైనల్ రోజు నేను అక్కడ లేను. మేనత్తగారి ఊళ్లో పెళ్లిలో ఉన్నాను.

మార్చి 16, ఆదివారం

అక్క ఒక క్లబ్బులో టేబుల్ కింద వెల్లకిలా పడుకుని ఉంది. దాని కాళ్ల కింద చెక్కముక్కలు దోపుతూ లెవెల్ సరిచేస్తోంది. నేను నేల మీద కూర్చున్నాను. మొహం కనబడకపోతే చెప్పడం సులువు.

పేపరు సంగతి, దొంగ ఖాతా సంగతి, మొత్తం చెప్పాను. అక్క ఇంకో చెక్కముక్క దోపింది.

"అక్కా, తిట్టవే."

"ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వు." ఇచ్చాను. కాసేపు తిప్పింది. "ఒరేయ్, రెఫరీ ఫౌల్ ఇవ్వలేదురా."

"మరి?"

"నేనే చెప్పా."

నాకు అర్థం కాలేదు. అక్క టేబుల్ కింద నుంచి జరిగి బయటికొచ్చింది, జుట్టు నిండా చెక్కపొట్టు.

"నాలుగు బంతులు మిగిలాయి. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆరు కొడదామని వంగాను. చొక్కా చెయ్యి పక్కనున్న ఎనిమిదికి తగిలింది. వెంట్రుకవాసి కదిలింది. నాతో ఆడుతున్న పిల్ల కుర్చీలో కూర్చుని నీళ్లు తాగుతోంది. రెఫరీ అవతలి పక్కనున్నాడు. లేచి ఫౌల్ అన్నాను. తెల్ల బంతి ఆ పిల్ల చేతికిచ్చి వెళ్లి కూర్చున్నాను. నాలుగూ వేసేసింది. అయిపోయింది."

"ఎవరూ చూడలేదా?"

"ఎవరూ చూడలేదు."

"చెప్పకపోతే?"

"గెలిచేదాన్ని. నాలుగూ కళ్ల ముందు పరిచినట్టున్నాయి."

"మరెందుకు చెప్పావే?"

అక్క నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూసింది. "తగిలిందిగా."

నాకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లు! అమ్మ పోయేదాకా ఆ రెఫరీ పేరు చెప్పి మెటికలు విరిచింది. నేను బజారంతా చాటాను. "అంత గొప్పదానివి, ఇంట్లో ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"ఫౌల్ వల్ల ఓడిపోయానని ఎవరో ముందే చెప్పారట, నేను గుమ్మం ఎక్కేసరికే అమ్మ ఆ రెఫరీని తిట్టడం మొదలెట్టేసింది రా. నా మీద రావాల్సిన కోపం అటు పోయింది. హాయిగా అనిపించింది. ఒక నాలుగు రోజులాగి చెబుదాంలే అనుకున్నా." అక్క చెక్కపొట్టు దులుపుకుంది. "నాలుగు రోజులు కాస్తా ఇదిగో, ఇన్నేళ్లయింది."

లేచి వచ్చేశాను.

మార్చి 17

అక్క ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

మార్చి 18

నాకేం కోపం లేదు. పని ఎక్కువగా ఉంది, అంతే.

మార్చి 19

పని ఏమీ లేదు. అమ్మిందల్లా ఒక జిప్పు, అదీ వెనక్కి తెచ్చారు.

వారం గడువు తీరింది. చర్చ పేజీలో రాశాను: "మూడో నంబరు ఆధారంలో మాట్లాడిన వ్యాపారిని నేనే. ఆ రోజు నేను అక్కడ లేను. చూడనిది చూసినట్టు చెప్పాను. అనర్హురాలన్న మాట నేను కల్పించింది. ఫౌల్ సంగతి ఆమే స్వయంగా చెప్పిందని ఇప్పుడు తెలిసింది."

రాయడానికి ఐదు వాక్యాలు, చెయ్యి ఆడ్డానికి ముప్పావు గంట.

గంటలో జవాబు. "ఇలాంటిది ఇక్కడ నేను ఇంతవరకు చూడలేదు. ఆ మాటకి ఆధారంగా ఇక మీ పేపరు పనికిరాదు, వాక్యం తీసేస్తున్నాను. కానీ ఖాళీ వదిలితే రేపు ఇంకొకరు మళ్లీ అదే ఎక్కిస్తారు. ఫౌల్ ఆమే చెప్పిందని మీ అక్కగారి మాట సరిపోదు. ఆ రోజు అక్కడున్నవాళ్లు ఎవరైనా ఎక్కడైనా అచ్చులో రాశారేమో వెతకండి."

ఆ రోజు అక్కడున్నవాళ్లలో నాకు తెలిసింది ఒక్కడే.

మార్చి 21, శుక్రవారం

ఆ చత్వారం రెఫరీకి మా వెనక వీధిలో కళ్లజోళ్ల కొట్టుంది. అవును, కళ్లజోళ్ల కొట్టే. మా అమ్మకి ఆ సంగతి తెలిసిన రోజు ఎంత నవ్విందో. నాకు కళ్లజోడు అవసరమైనా ఆ గుమ్మం తొక్కకుండా బస్సెక్కి వెళ్లి చేయించుకున్నాను.

ఇవాళ తొక్కాను. పెద్దాయన అద్దం తుడుస్తూ తలెత్తాడు.

"మీరు... ఆ అమ్మాయి తమ్ముడు కదూ? గుండీలు?"

"అవునండీ."

"రండి, రండి. ఇన్నేళ్లకి. ముందు ఆ కళ్లజోడు ఇటివ్వండి. ఎవరు చేశారిది? ఒక పక్కకి వాలిపోయి ఉంది, మీకు తలనొప్పి రావట్లా?"

వస్తోంది. చెప్పలేదు. ఆయన దాన్ని విప్పి సరిచేస్తుంటే, మొహం మసకగా కనబడుతుంటే, వచ్చిన పని చెప్పాను. ఇన్నాళ్లూ మేం ఆయన గురించి ఏమేం అనుకున్నామో అది కూడా.

"తెలుసు. మీ అమ్మగారు ఒకసారి బజార్లో మొహం మీదే అనేశారు, నీకు కళ్లు కనపడవురా అని." నవ్వాడు. "ఒక్క విషయం చెప్పనా? నేను నిజంగానే చూడలేదు. మీ అక్క లేచి ఫౌల్ అంటే ఎక్కడమ్మా అని అడిగాను. చూపించింది. మీ అమ్మగారు తిట్టిన తిట్టు ఆ మేరకి నిజమే."

"మరి మీరైనా ఎవరికీ చెప్పలేదేమండీ?"

"ఎందుకు చెప్పలేదు? రాశాను కూడా."

లోపలికెళ్లి ఒక పాత పత్రిక తెచ్చాడు. ఆట సమాఖ్య వాళ్లది, ఆరు నెలలకోసారి వేసేవాళ్లట. ఫైనల్ మీద పేజీన్నర రిపోర్టు, ఫౌల్ అక్కే చెప్పిందన్న సంగతితో సహా. రాసింది వేరే ఎవరో విలేకరి. దాని కింద చిన్న అక్షరాల్లో రెఫరీ మాట: "ముప్పై ఏళ్లలో నేను ఇవ్వని ఫౌల్‌తో తేలిపోయిన ఆట ఇదొక్కటే."

కళ్లజోడు పెట్టుకుని చదివాను. అక్షరాలు ఎంత స్పష్టంగా ఉన్నాయో.

మార్చి 22

ఫొటో పంపాను. గుడ్లగూబ సంచిక నంబరు, నెల, పేజీ అడిగింది. పంపాను. "నేను మా లైబ్రరీలో అసలు ప్రతి చూశాక రాస్తాను" అంది.

"నా ఫొటో నమ్మరా?"

"నిష్పక్షపాత పాఠకుణ్ని అడిగి చెబుతాను."

తగిలేలా అంది. తగలాల్సిందే.

మార్చి 25

పేజీ మారింది! మిగిలిన రెండు వాక్యాలు పోయి పదిహేడయ్యాయి. టైటిళ్లన్నీ ఏ ఏడాదివో, ఎవరి మీద గెలిచిందో, చేతివాటం ఎడమ అని కూడా. ఫైనల్ గురించి ఇలా ఉంది: "ఎనిమిది–ఎనిమిది వద్ద, ప్రత్యర్థి గానీ రెఫరీ గానీ గమనించని ఫౌల్‌ను ఆమె స్వయంగా తెలిపింది. ఆ ఆటను, మ్యాచ్‌ను ప్రత్యర్థి గెలిచింది." ఒక్క పొగడ్త లేదు. ఎండు కట్టెలా ఉంది. నాలుగుసార్లు చదివాను.

అక్కకి ఫోన్ చేశాను. ఎత్తగానే "కోపం తగ్గిందా?" అంది.

"పేజీ చూడవే ముందు."

గంటకి తనే కొట్టుకొచ్చింది. ఫోను నా మొహం మీద పెట్టింది. నేనేమో కళ్లనీళ్లు పెట్టుకుంటుందని రుమాలు తీసి సిద్ధంగా ఉన్నాను.

"సెమీఫైనల్ తొమ్మిది–నాలుగు అట! ఎవడు చెప్పాడ్రా? తొమ్మిది–ఏడు. చచ్చీ చెడీ గెలిచాను. మార్పించు."

"పత్రికలో నాలుగనే ఉందక్కా. అచ్చుతప్పేమో. కానీ అచ్చులో ఏదుంటే అదే..."

"ఆడింది నేనురా!"

"నీకు తెలిస్తే చాలదు. ఆధారం కావాలి."

నా నోటి నుంచి ఆ మాట విని, భోజనం క్యారేజీ తెచ్చిన మా ఆవిడ నవ్వాపుకోలేక గోడౌన్‌లోకి వెళ్లిపోయింది.

మార్చి 28

ఇవాళే కమిటీ. అక్క ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లింది. నేను ఒక గంటలో నాలుగు బేరాలు చెడగొట్టాను. నల్లగుండీ అడిగితే తెల్లది ఇచ్చాను.

మార్చి 29

అక్క నోటితో విన్నది విన్నట్టు. సెక్రటరీ మేడమ్ అందరి ముందూ ఆ పేజీ తెరిచి చదివిందట. ఒకాయన, "ఇలాంటి ఆవిడని పెడితే మన పిల్లలు కప్పులు తెస్తారాండీ?" అన్నాడట. అక్క, "తెస్తే వాళ్లదే తెస్తారండీ, పక్కవాళ్లది తేరు" అందట. బయట కూర్చోమన్నారట. చర్చ పేజీ కూడా చదివినట్టున్నారు, మళ్లీ లోపలికి పిలిచినప్పుడు మేడమ్ "మీ తమ్ముడుగారు భోజనం చేశారా?" అని అడిగిందట.

ముందు ఆరు నెలలకి తీసుకున్నారు. పని చూసి పొడిగిస్తారట.

ఆరు నెలలు! చాలు. అక్కకి ఆరు వారాలు చాలు.

ఏప్రిల్ 7, సోమవారం

మొదటి రోజు. కొట్టు మా ఆవిడకి అప్పజెప్పి నేనూ వెళ్లాను. వద్దంటే వింటానా? మూలన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

పన్నెండు మంది ఆడపిల్లలు. చేతుల్లో వాళ్లకంటే పొడుగు కర్రలు. అందులో కళ్లజోడు పిల్ల ఒకతి, గడుసుది, పాఠం మొదలుకాక ముందే ఫోను తీసి చదివింది.

"మేడమ్, మీరు సెమీఫైనల్ తొమ్మిది–నాలుగుతో గెలిచారంట కదా!"

అక్క చాక్‌తో కర్ర మొన రుద్దుతూ నా వంక ఒక చూపు చూసింది. నేను పైన ఫ్యాను చూశాను.

"తప్పు," అంది. "తొమ్మిది–ఏడు. నాలుగు ఆటలు వెనకబడి, చెమటలు కక్కి గెలిచాను."

పిల్లలు నవ్వారు. గడుసుది ఊరుకోలేదు. "మరి ఫైనల్, మేడమ్?"

"ఓడిపోయాను," అంది అక్క, తెల్ల బంతి దాని చేతిలో పెడుతూ. "అది మాత్రం సరిగ్గానే రాశారు."